ఝూటీ గవాహీ

ఇషా నమాజు చదివి ఇంటికొచ్చేసరికి ఫోన్‌లో మామూ మిస్డ్ కాల్స్ మూడున్నాయి. మామూ అంత ఓపికగా ఫోన్ చేసే మనిషి కాదు. ఖైరియత్ కనుక్కుందామని వెంటనే చేశాను.

"బేటా, ఏ ఎస్సీవో కతే, క్యా బలా హై?" అన్నారు, నా సలాముకి జవాబైనా సరిగా ఇవ్వకుండా.

నాకు నవ్వొచ్చింది. డెబ్బై దాటిన మనిషి నోట ఆ మాట వింటానని అనుకోలేదు. తర్వాత ఆయన చెప్పింది విన్నాక నవ్వు ఆగిపోయింది.

మామూది ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల దుకాణం. హైదరాబాద్ వాళ్లకి ఛత్తాబజార్ గురించి చెప్పక్కర్లేదు. పురానీ హవేలీకి దగ్గర్లో వరసగా ప్రింటింగ్ ప్రెస్సులు, కార్డుల దుకాణాలు. ఒకప్పుడు అక్కడ కాతిబులు కూర్చుని రాసేవాళ్లు. షాదీ రుక్కాలు, సనదులు, పోస్టర్లు, దుకాణాల బోర్డులు అన్నీ చేతిరాతే. మామూ కూడా కాతిబే. వెదురు కలం చెక్కి, సిరాలో ముంచి నస్తాలీఖ్ రాస్తుంటే చిన్నప్పుడు నేను ఊపిరి బిగపట్టి చూసేవాణ్ని. తర్వాత కంప్యూటర్ వచ్చింది, ఇన్‌పేజ్ వచ్చింది. కాతిబుల్లో చాలామంది కలం పక్కన పెట్టేశారు. మామూ మాత్రం యాభై ఏళ్లు దగ్గరపడుతున్నప్పుడు కీబోర్డు నేర్చుకున్నారు.

ఇప్పుడు కారోబార్ ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. వాడు దుకాణానికి ఒక వెబ్‌సైట్ పెట్టించాడు. కొన్నాళ్లకి ఒక కుర్రాడు బ్యాగేసుకుని వచ్చాడట. "చాచా, పెళ్లికార్డులని కొడితే గూగుల్‌లో మీ దుకాణం ఎక్కడుందో చూశారా?" అని ఫోన్ తీసి చూపించాడట. ఎక్కడా లేదు. "నెలకి 15,000. ఆరు నెలల ప్యాకేజీ. 90 రోజుల్లో ఫస్ట్ పేజీ గ్యారంటీ" అన్నాడట. మామూ నాలుగు నెలలు కట్టారు. 60,000 రూపాయలు. సైట్ ఫస్ట్ పేజీలోకి రాలేదు సరికదా, ఇదివరకు దుకాణం పేరు కొడితే కనిపించేది కూడా ఇప్పుడు కనిపించడం లేదు.

"నువ్వు అఖ్బార్‌లో ఉన్నావు. రోజంతా ఇంటర్నెట్‌లోనే ఉంటావు. ఓసారి వచ్చి చూడు బేటా" అన్నారు.

వస్తానన్నాను గానీ లోపల ఎక్కడో జంకు. ఎందుకంటే ఎస్ఈవో అంటే ఏంటో నాకు బాగా తెలుసు. మా వెబ్ డెస్కులో రోజూ చేసే పని అదే.

*

జుమ్మా రోజు దుకాణం బంద్. నమాజు అయ్యాక ముగ్గురం లోపల కూర్చున్నాం. మామూ కొడుకు ల్యాప్‌టాప్ తెరిచాడు. మామూ కళ్లజోడు తుడుచుకుని కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"మామూ, ఇందులో మాయేం లేదు" అన్నాను. "సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అని పెద్ద పేరు పెట్టారంతే. మన పేజీ గూగుల్‌కి దొరకాలి, దొరికాక అర్థం కావాలి, అర్థమయ్యాక దాని మీద ఏత్‌బార్ కలగాలి. ఈ మూడు పనులకే డబ్బులు తీసుకుంటారు."

మొదటిది దొరకడం. గూగుల్ పంపే ప్రోగ్రాములు హర్‌కారాల్లాగా ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకులు పట్టుకుని తిరుగుతుంటాయి. చదివినదాన్ని పెద్ద బహీఖాతాలో రాసుకుంటాయి. మనం ఏదైనా వెతికినప్పుడు గూగుల్ ప్రపంచమంతా వెతకదు, ఆ ఖాతానే తిరగేస్తుంది. హర్‌కారా చదవలేని పేజీ ఉన్నా లేనట్టే.

ఈ దెబ్బ మన రెండు జబాన్లకీ మొదట్లోనే తగిలింది. తెలుగు పత్రికలు కొత్తగా సైట్లు పెట్టినప్పుడు ఒక్కోదానిది ఒక్కో ఫాంటు. కంటికి తెలుగే కనిపించేది. వెనకాల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. తెలుగులో వెతికితే ఆ వార్త దొరికేది కాదు. ఉర్దూ అఖ్బార్లది ఇంకో అవస్థ. ఇన్‌పేజ్‌లో చేసిన పేజీని తస్వీర్‌గా మార్చి పెట్టేవాళ్లు. నస్తాలీఖ్ ఎంతో ఖూబ్‌సూరత్‌గా ఉండేది, వెతికితే ఒక్క లఫ్జ్ దొరికేది కాదు. యూనికోడ్ వాడకం పెరిగాకే రెండు భాషలకీ ఇంటర్నెట్‌లో నోరు వచ్చింది.

మామూ సైట్ కూడా అలాగే ఉంది. నలభై కార్డుల ఫోటోలు. ధరలు, సైజులు, ఫోన్ నంబరు, పనివేళలు అన్నీ ఆ ఫోటోల్లోనే డిజైన్ చేసి పెట్టారు. ముఖ్యమైన రాతని బొమ్మలో పెట్టొద్దని గూగుల్ వాళ్లే చెబుతారు. బొమ్మ పెడితే అదేమిటో కోడ్‌లో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యాలు ఒక్కదానికీ లేవు. పైగా ఒక్కో ఫోటో అయిదారు ఎంబీలు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కొలమానం. మామూ ఫోన్‌లో అది తెరుచుకునేలోపు చాయ్ చల్లారిపోయింది.

"నాలుగు నెలలు వీటినేం చేశాడు మరి?" అని అడిగారు మామూ. ఏమీ చేయలేదు.

*

రెండోది లఫ్జ్. మనిషి వెతికేటప్పుడు ఏ మాట వాడతాడో కనిపెట్టడం. కీవర్డ్ రిసెర్చ్ అంటారు. నన్నడిగితే ఎస్ఈవోలో అసలు ఇల్మ్ ఇదే.

మామూ సైట్ మొదటి పేజీ శీర్షిక 'హోమ్' అని ఉంది. అంటే గూగుల్ దృష్టిలో ఆ దుకాణం పేరు హోమ్. కింద మామూ ముచ్చటపడి రాయించిన 'నఫీస్ దావత్‌నామే' అనే మాట ఉంది. మంచి మాటే. కానీ అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని కూతురి పెళ్లి ఖర్చు లెక్కేసుకునే అబ్బా ఆ మాట టైప్ చేయడు. ముస్లిం వెడ్డింగ్ కార్డ్స్ అంటాడు, షాదీ కార్డ్ అంటాడు, తెలుగాయన శుభలేఖ అంటాడు. చాలామంది ఉర్దూనీ తెలుగునీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. ఈమధ్య కొందరు టైప్ కూడా చేయడం లేదు, మైకు గుర్తు నొక్కి మాట్లాడుతున్నారు.

ఇందులో నాకొక సొంత బాధ ఉంది. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. తెలుగు పత్రికల్లో 'నిఖా' అని చూస్తే చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. అది నికాహ్. అలాగే రమజాన్‌ని రంజాన్ అని రాస్తాం. డెస్కులో చేరిన కొత్తలో నేను ఇమ్లా సరిచేస్తూ కూర్చునేవాణ్ని. "భాయ్, జనం వెతికేది రంజాన్ అని. నువ్వు రమజాన్ అని రాస్తే మన వార్త ఎవడికీ కనిపించదు" అన్నాడు ఎస్ఈవో చూసే కుర్రాడు. కోపమొచ్చింది. తర్వాత ఒప్పుకున్నాను. జనం నోట ఉన్న మాట శీర్షికలో పెట్టి, సరైన ఉచ్చారణ లోపల చెప్పడం మొదలుపెట్టాను. గిరాకీ వచ్చే గల్లీలో బోర్డు పెట్టడం తప్పు కాదు కదా.

ఆ ఏజెన్సీ పంపిన నెలవారీ రిపోర్టులో ఈ పని ఇలా ఉంది: '150 మెటా కీవర్డ్స్ చేర్చాం.' పేజీ వెనకాల కోడ్‌లో కీవర్డులు గుప్పించే పాత పద్ధతి అది. వెబ్ సెర్చ్ ర్యాంకింగులో వాటిని అసలు లెక్కలోకి తీసుకోబోమని గూగుల్ 2009 లోనే బాహాటంగా చెప్పింది. ఎవరూ చూడని కాగజ్ మీద 150 లఫ్జులు రాసి బిల్లు వేశారు.

*

మూడోది ఏత్‌బార్. అసలు కథ ఇక్కడుంది.

1996 లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న ల్యారీ పేజ్, సెర్గే బ్రిన్ ఒక ఆలోచన చేశారు. ఒక పేజీ గొప్పదా కాదా అన్నది ఆ పేజీని అడిగి లాభం లేదు. అందరూ నేనే గొప్ప అంటారు. దానికి ఎవరెవరు లింకు ఇచ్చారో చూడాలి. ఒక్కో లింకు ఒక గవాహీ. అయితే అందరి గవాహీ ఒకటే కాదు. నలుగురు నమ్మే మనిషి ఇచ్చిన గవాహీకి బరువెక్కువ. దీనికే పేజ్‌ర్యాంక్ అని పేరు. ఇవాళ గూగుల్ ఇంకా ఎన్నో సంగతులు చూస్తుంది గానీ పునాది అదే.

ఇది చెబుతుంటే మామూ కళ్లు మెరిశాయి. "అరే, ఇది మన అస్మావుర్రిజాల్ కదా!" అన్నారు.

నాకు తట్టని మాట అది. హదీసుని స్వీకరించే ముందు ముహద్దిసులు మాట ఒక్కటే చూసేవాళ్లు కాదు, దాన్ని ఎవరి నుంచి ఎవరు విన్నారో ఆ సిల్సిలా మొత్తం చూసేవాళ్లు. ఒక్కో రావీ బతుకు ఎలాంటిది, జ్ఞాపకశక్తి ఎలాంటిది, అబద్ధమాడతాడా అని విచారించి గ్రంథాలకు గ్రంథాలు రాసిపెట్టారు. అబద్ధాలకోరని తేలిన రావీ చెప్పిన రివాయత్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేసేవాళ్లు.

"మరి వీడు మనకి ఎవరి గవాహీ తెచ్చాడు?" అని అడిగారు మామూ.

రిపోర్టులో '400 బ్యాక్‌లింక్స్' అని ఉంది. జాబితా తెరిచాను. జూదం సైట్లు. అనుమానం మందుల సైట్లు. ఏ దేశానివో అర్థంకాని భాషల్లో పేజీలు. వాటి మధ్య ఛత్తాబజార్ దుకాణం పేరు. ఇలా లింకులు టోకున అమ్మే బజారు ఒకటుంది. గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది ఈ బజారు మీదే. అయినా అది మూతపడలేదు. తెలియనివాళ్లకి సరుకు ఇప్పటికీ అమ్ముతున్నారు.

తర్వాత మ్యాప్‌లో దుకాణం పేజీ చూశాం. పాతిక రివ్యూలు, అన్నీ అయిదు చుక్కలే. మామూ కొడుకు ఒక్కోటి చదువుతుంటే మొదట నవ్వాం. ఒకతను 'ఫుడ్ చాలా బాగుంది, ఫ్యామిలీతో రావచ్చు' అని రాశాడు. కార్డుల దుకాణంలో ఫుడ్డు! ఇంకొకామె స్టాఫ్ చాలా మర్యాదగా గది చూపించారని రాసింది.

మామూ నవ్వలేదు.

"వీళ్లెవరూ మన దుకాణానికి రాలేదా?"

"రాలేదు మామూ. డబ్బులిచ్చి రాయించారు."

"అంటే నా పేరు మీద, నా పైసలతో, ఝూటీ గవాహీ చెప్పించాడు."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. 60,000 పోయాయన్నప్పుడు కూడా ఆయన మొహం అలా మాడిపోలేదు. అప్పుడాయన నాకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి చెప్పారు. కాతిబుగా ఉన్న రోజుల్లో, దుకాణం కిరాయి మూడు నెలలు బాకీ ఉన్నప్పుడు ఒకతను పాతబడి పసుపెక్కిన ఖాళీ కాగితం తెచ్చాడట. "దీని మీద పాతకాలపు షికస్తా ఖత్‌లో నాలుగు లైన్లు రాయి, నీ పేరు ఎక్కడా రాదు" అన్నాడట. ఏదో జాయ్‌దాద్ తగాదా. ఏడాది కిరాయి సరిపోయేంత డబ్బు ఇస్తానన్నాడట. మామూ నక్కో అన్నారు. "కలం అమానత్ బేటా. అప్పుడు తప్పించుకున్నా. ఇప్పుడు ఈ వయసులో పడ్డా" అన్నారు.

*

గూగుల్ సెర్చ్ కన్సోల్ అని సైట్ సొంతదారు కోసం ఉచితంగా ఇచ్చే ఖాతా ఉంటుంది. ఏ మాటలు వెతికి ఎంతమంది వచ్చారో, గూగుల్‌కి ఏ పేజీతో పేచీ ఉందో అందులో కనిపిస్తుంది. ఆ ఏజెన్సీ దాన్ని తన ఖాతాలోనే ఉంచుకుంది. అదృష్టం కొద్దీ డొమైన్ మామూ కొడుకు పేరు మీదే ఉంది కాబట్టి మేం కొత్తగా తెరిచాం. అసలు సబబ్ అక్కడ దొరికింది: 'మాన్యువల్ యాక్షన్ - అసహజమైన లింకులు.' అంటే యంత్రం కాదు, గూగుల్ మనిషే చూసి సైట్‌ని పక్కన పెట్టాడు.

బయటికి రావడానికి దారి కూడా ఉంది. తీయించగలిగిన దొంగ లింకులు తీయించాలి. తీయించలేనివాటి జాబితా ఇచ్చి 'వీటితో మాకు సంబంధం లేదు' అని చెప్పాలి. ఏం జరిగిందో దాచకుండా రాసి మళ్లీ చూడమని అర్జీ పెట్టుకోవాలి. మామూ విని, "తప్పు ఒప్పుకోవాలి, మానేయాలి, చేసిన నష్టం సరిదిద్దాలి. తౌబా షర్తులూ ఇలాంటివే" అన్నారు.

అర్జీ రాస్తుండగా మామూ మామూలుగానే అడిగారు. "మీ అఖ్బార్‌లో ఇలాంటివేం ఉండవు కదా బేటా?"

నేను భయపడింది ఈ ప్రశ్నకే.

ఈద్ ఎప్పుడు అన్న వార్తని పది రోజుల ముందే వండి పెడతాం మామూ, అన్నాను. చాంద్ కనబడితేనే తెలుస్తుందన్న ఒక్క వాక్యం కోసం పాఠకుణ్ని అయిదారు పేరాలు కిందికి లాగుతాం. ఇది చిన్న పాపం. పెద్దది వేరే ఉంది. పత్రిక సైట్ అంటే గూగుల్‌కి గట్టి ఏత్‌బార్. ఆ ఏత్‌బార్‌ని కిరాయికిస్తాం. ఎవడో డబ్బు కడతాడు, వాడి కంపెనీని మెచ్చుకుంటూ వార్తలాంటి ఒక వ్యాసం వేసి లింకు ఇస్తాం. డబ్బు తీసుకున్న లింకు అయితే అది ప్రకటన అని పాఠకుడికి చెప్పాలి, కోడ్‌లో 'స్పాన్సర్డ్' అని గుర్తు పెట్టాలి. గూగుల్ 2019 లో ప్రత్యేకంగా ఆ గుర్తు ఇచ్చింది. గుర్తు లేకపోతే రేటు ఎక్కువ. అందుకే మేం పెట్టేవాళ్లం కాదు. పేరున్న సైట్లు ఇలా తమ నీడని కిరాయికివ్వడాన్ని 2024 లో గూగుల్ స్పామ్ కిందే చేర్చింది.

"నువ్వేం వేశావు?"

"లోన్ యాప్ మామూ. అయిదు నిమిషాల్లో అప్పు ఎలా పొందాలి అని. రెండు వ్యాసాలు."

లోన్ యాప్ వాళ్ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్న వార్తలు 2020 చివర్లో మేమే రాశాం. అదే సైట్‌లో, ఇంకో పేజీలో, సూద్‌కి అప్పిచ్చే యాప్‌కి గవాహీ చెప్పాం.

"దాని మీద నీ పేరుందా?"

"లేదు. 'డెస్క్' అని ఉంటుంది."

"పాత కాగితం తెచ్చినవాడు కూడా నీ పేరు రాదనే అన్నాడు" అన్నారు మామూ. ఆ తర్వాత కొడుక్కి చాయ్ చెప్పమన్నారు. ఇంకేం అనలేదు.

*

ఆ తర్వాత మూడు నెలలు జుమ్మా జుమ్మాకి కూర్చుని పనిచేశాం. ఫోటోలు చిన్నవి చేశాం. బొమ్మల్లోని రాతని బయటికి తెచ్చి ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషుల్లో వేరువేరు పేజీలుగా పెట్టాం. 'హోమ్' తీసేసి దుకాణం ఏమిటో, ఎక్కడో శీర్షికలో రాశాం. మ్యాప్‌లో పిన్ను పక్క గల్లీలో ఉంటే సరైన చోటికి జరిపాం. దగ్గర్లోని దుకాణాల కోసం వెతికేవాళ్లకి గూగుల్ చూసేవి మూడు: వాళ్లు అడిగినదానికి పొంతన, దూరం, పేరు ప్రతిష్ఠ. ఇలాంటి చిన్న దుకాణానికి ఆ ఉచిత మ్యాప్ పేజీ సరిగా ఉంటే సగం పని అయినట్టే. దొంగ రివ్యూలన్నిటినీ తీసేయమని రిపోర్టు కొట్టాం.

మామూ సొంతంగా మూడు వ్యాసాలు చెప్పారు, నేను టైప్ చేశాను. ముస్లిం పేర్లని తెలుగు కార్డులో ఎలా రాయాలి. వలీమా కార్డు మ్యాటర్‌లో ఎవరి పేరు ముందు రావాలి. కార్డు మీద బిస్మిల్లా వేయాలా, 786 వేయాలా అని రోజూ గిరాకీ అడిగేదానికి జవాబు: కాగితం కాళ్ల కింద పడి బేఅదబీ అవుతుందని కొందరు అంకె వేయిస్తారు, కొందరు అంకె బిస్మిల్లాకి బదులు కాదంటారు, మీ ఇంటి పెద్దల్ని అడిగి రండి అని. రాసినవాడికి స్వయంగా తజుర్బా ఉందా అన్నది పేజీ నాణ్యత కొలిచే తన మార్గదర్శకాల్లో గూగుల్ 2022 చివర్లో చేర్చింది. మామూకి యాభై ఏళ్ల తజుర్బా. ఇన్నాళ్లూ అది సైట్‌లో ఒక్క అక్షరం కూడా లేదు.

అర్జీ మంజూరైంది. దుకాణం పేరు కొడితే మళ్లీ వస్తోంది. హైదరాబాద్ మొత్తంలో పెళ్లికార్డులు అంటే మొదటి పేజీలో లేదు, ఉంటుందన్న గ్యారంటీ నేనివ్వలేదు. ఆ 786 వ్యాసం చదివి మాత్రం నిజామాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి అరగంట మాట్లాడి, 300 కార్డులు వేయించుకున్నారు. పనిచూసి ఆయనే రివ్యూ రాశారు, నాలుగు చుక్కలతో. డెలివరీ రెండు రోజులు ఆలస్యమైందని. మామూ ఆ నాలుగు చుక్కల్ని అందరికీ చూపిస్తున్నారు.

మీలో ఎవరైనా దుకాణానికి ఈ పని చేయించాలనుకుంటే నాలుగు మాటలు. మొదటి స్థానం గ్యారంటీ అన్నవాణ్ని చాయ్ తాగించి పంపేయండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. డొమైను, సెర్చ్ కన్సోలు, మ్యాప్ ఖాతా మీ పేరు మీదే ఉంచుకోండి. ప్రతి నెలా ఏం మార్చారో, ఎందుకు మార్చారో మీకర్థమయ్యే జబాన్‌లో చెప్పమనండి. నిజంగా పనిచేసినా ఫలితం కనబడ్డానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుంది. మెహనత్ చేసే మంచి పిల్లలు ఈ రంగంలో ఉన్నారు, వాళ్ల మజూరీ వాళ్లకివ్వండి. ఇప్పుడు గూగుల్ ఏఐతో జవాబు తనే తయారుచేసి పైన పెడుతోంది, 2024 నుంచి మనదేశంలోనూ వచ్చింది. సైట్ దాకా వచ్చేవాళ్లు తగ్గుతారేమోనని మా డెస్కులో ఫికర్. కానీ ఆ జవాబు కూడా ఎవరో ఒకరు రాసిన పేజీల్లోంచే రావాలి.

ఆ జుమ్మా తర్వాత ఆఫీసులో మీటింగులో అడిగాను. డబ్బు తీసుకున్న వ్యాసాలకి 'ప్రకటన' అని పెట్టడానికి ఒప్పుకున్నారు. పాతవాటిని ముట్టుకోవద్దన్నారు. లోన్ యాప్ వ్యాసాలు రెండూ ఆ రాత్రి డ్యూటీలో నేనే తీసేశాను. ఎప్పుడో ఒకరోజు ఎవరైనా అడుగుతారు. అడిగితే నేనే తీశానని, ఈసారి పేరు పెట్టి చెబుతాను.